పాతిక సారు, పండు ఈగలు

చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు ఆకలి కంటే ముందు కోపం వచ్చేది. బస్సు ఆగకపోతే డ్రైవరు మీద కోపం, ఆగితే నా ముందున్న మనిషి మెల్లగా ఎక్కుతున్నాడని కోపం, సీటు దొరికితే అది ఎండ పడే వైపున ఉందని సూర్యుడి మీద కోపం. కొత్త చుట్టాలెవరైనా ఇంటికొస్తే మా అమ్మ గుమ్మంలోనే "దీనికి కోపం ముక్కు మీద కాదండీ, ఒళ్లంతా ఉంటుంది, ఏమీ అనుకోకండి" అని చెప్పి లోపలికి తీసుకొచ్చేది. ఇప్పుడు బీపీ మాత్రలు వేసుకునే వయసుకొచ్చాను. కోపం తగ్గించుకోమని డాక్టరు చెప్పాడు (ఆ చెప్పడమేదో కాస్త మర్యాదగా చెప్పొచ్చు కదా). తగ్గించుకున్నాననే అనుకుంటున్నాను. కానీ మామిడిపండ్ల కాలం వచ్చి, ఇంట్లో చిన్న రసాల వాసన తగిలిందంటే చాలు, ఆ మొదటి వేసవి కోపమంతా నిన్న మొన్నటిదిలా లేచి కూర్చుంటుంది.

బెజవాడలో ఒక చిన్న ఆఫీసు మాది. రసాయనాలు వాడే చోట్లకి వెళ్లి, అక్కడి పదార్థం పనిచేసే మనుషులకి ఎంత ప్రమాదమో అంచనా వేసి రిపోర్టు రాయడం మా పని. "వెళ్లి" అని అలవాటుగా అనేశాను. నిజానికి ఎవరూ ఎక్కడికీ వెళ్లేవారు కాదు, ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చుని రాసేవాళ్లం. అందులో నా వంతుకి వచ్చింది ఆవిరి పీడనం. పేరు విని భయపడక్కర్లేదు. నేల మీద పెట్రోలు ఒలికితే చూస్తుండగానే ఎగిరిపోతుంది, ఆముదం ఒలికితే వారం తర్వాత కూడా ఎవరో ఒకరిని జార్చి పడేస్తుంది. ఆ తేడాని అంకెల్లో చెబితే అదే ఆవిరి పీడనం. అంకె ఎంత పెద్దదైతే పదార్థం అంత తొందరగా గాల్లోకి లేస్తుంది, గాల్లోంచి మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బాగా తెలిసిన పదార్థాలకైతే ఎవరో కొలిచిపెట్టిన అంకె పుస్తకాల్లో దొరుకుతుంది. కొత్తవాటికి దొరకదు కాబట్టి, అది ఎంత వేడికి మరుగుతుందో, దాని అణువు ఎలా ఉంటుందో చూసి లెక్కకట్టి అంచనా వేయాలి. ఇందులో ఒకటే మెలిక. వేడి పెరిగిన కొద్దీ ఈ అంకె నిదానంగా పెరగదు, గంతులేస్తుంది. అందుకని ఏ ఉష్ణోగ్రత దగ్గర లెక్క కట్టావన్నదే అసలు సంగతి.

మా ఆఫీసులో ఆ సంగతి ఎప్పుడో తేలిపోయింది. పాతిక డిగ్రీలు. మా పై అధికారి ఏ రిపోర్టు తెచ్చినా ముందు ఉష్ణోగ్రత గడిలో ఇరవై ఐదు ఉందా లేదా అని చూసి, ఉంటే కళ్లజోడు తీసి పక్కన పెట్టి సంతకం చేసేవారు. అందుకే ఆయనకి మేం పెట్టుకున్న పేరు పాతిక సారు. చెడ్డమనిషేం కాదు. ఎవరింట్లో పెళ్లయినా వెళ్లేవారు, ఎవరికి జ్వరం వచ్చినా సెలవిచ్చేవారు. ప్రపంచమంతా ఒప్పుకున్న అంకె ఒకటి ఉండగా ఇంకో అంకె ఎందుకన్నదే ఆయన వాదన. నూజివీడు ప్రాంతంలో మే నెలలో పాతిక డిగ్రీలు ఫ్రిజ్జులో తప్ప ఉండవన్న సంగతి ఆయన దాకా ఎవరూ తీసుకెళ్లలేదు.

ఆ వేసవిలో నా బల్ల మీదికి ఆగిరిపల్లి నుంచి ఒక పని వచ్చింది. అక్కడ ఒక రైతు మామిడితోటలకి పండు ఈగల బుట్టలు తయారు చేస్తాడు. ఊళ్లో అందరూ ఆయన్ని బుట్టలాయన అంటారు. పండు ఈగ సంగతి తోటలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆడ ఈగ కాయలో గుడ్లు పెట్టి పోతుంది, పైకి నిగనిగలాడే పండుని కోస్తే లోపల పురుగులు లుకలుకలాడతాయి. దానికి విరుగుడుగా ఒక నూనె ఉంది. ఆ వాసనకి మగ ఈగలు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వచ్చి బుట్టలో చిక్కుకుంటాయి, మగవి లేక ఆడవాటి గుడ్లు పనికిరాకుండా పోతాయి. చిన్న చెక్క ముక్కల్ని ఆ నూనెలో నానబెట్టి, తీసి, ఆరబెట్టి, బుట్టల్లో బిగించడమే షెడ్డులో పని. ఈసారి నూనె కొత్త రకం. బుట్టలు కొనే పెద్ద కంపెనీ ఒకటి, షెడ్డులో మనుషులకి ఈ నూనెతో ప్రమాదం లేదని రిపోర్టు తెస్తేనే ఆర్డరు ఇస్తానంది. నేను పాతిక డిగ్రీల దగ్గర లెక్కకట్టాను. అంకె చాలా చిన్నది వచ్చింది. "ఆవిరి కావడం నామమాత్రం" అని రాసి శనివారం సాయంత్రం సారు బల్ల మీద పెట్టి, మర్నాడు ఆదివారం కదా అని ఆగిరిపల్లిలో ఉన్న మా పిన్నిని చూడ్డానికి వెళ్లాను.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. బాబాయి కౌలుకి తీసుకున్న తోటలో గాలిదుమారానికి కాయంతా రాలిపోయాక ఏదో పనికి పోతోందని అమ్మ చెప్పింది గానీ ఏ పనో చెప్పలేదు. నేను వెళ్లేసరికి మధ్యాహ్నం ఎండలో వరండాలో తలకి తడిగుడ్డ కట్టుకుని పడుకుని ఉంది. అన్నం క్యారేజీ మూత తీయకుండా అలాగే ఉంది. దండెం మీద ఆరేసిన ఆమె చీర నిండా గోధుమరంగు ఈగలు. "ఏంటి పిన్నీ ఇది?" అన్నాను. పిన్ని పడుకునే నవ్వింది. "మగాళ్లు వెంటపడే వయసు దాటిపోయిందే, ఇప్పుడు మగ ఈగలు వెంటపడుతున్నాయి. మేం నలుగురం సాయంత్రం షెడ్డు నించి వస్తుంటే, మా తోట గట్టు మీద నించి పోవద్దమ్మా, ఈగల్ని లాక్కొస్తున్నారని రైతులు కేకలేస్తున్నారు" అంది. ఆ నవ్వుకి తలనొప్పి ఎక్కువైంది కాబోలు, లేచి పెరట్లోకి పోయి వాంతి చేసుకుని వచ్చింది. రోజూ ఇంతేనట. మధ్యాహ్నం అయ్యేసరికి తల తిరుగుతుందట, అన్నం సహించదట, సాయంత్రం బయటికొచ్చి గాలి పీల్చుకుంటే సర్దుకుంటుందట. ఆదివారం కూడా సగం పూట పని ఉందట.

నేను అప్పటికప్పుడు చెప్పులేసుకుని బుట్టలాయన షెడ్డుకి పోయాను. ఈ నూనెతో పనిచేసే షెడ్డు భూమ్మీద ఎక్కడైనా కట్టుకోవచ్చు, మామిడితోట నడిమధ్యలో తప్ప. బుట్టలాయన సరిగ్గా అక్కడే కట్టాడు, ఎందుకంటే ఆ స్థలం ఆయనది. ఇక చుట్టుపక్కల తోటల్లోని ఈగలన్నీ లోపలికి వచ్చి చెక్కముక్కల మీద వాలడం మొదలుపెట్టాయి. వాటిని ఆపడానికి ఆయన కిటికీలకి చెక్కలు కొట్టించాడు, సందుల్లో పాత గోనెసంచులు కుక్కించాడు. ఫ్యాను పెడితే వాసన బయటికి పోయి ఇంకా ఈగలొస్తాయని ఫ్యాను పీకించాడు. పైన రేకులు. లోపలికెవరొచ్చినా పక్కకి తిరిగి సందులోంచి దూరి, వెంటనే తలుపు మూయాలి. మూయకపోతే లోపలున్న ఆడవాళ్లంతా కలిసి "తలుపు, తలుపు" అని అరవాలి, అది అక్కడి పద్ధతి. నా బ్యాగులో ఎప్పుడూ ఒక థర్మామీటరు ఉంటుంది (లిప్‌స్టిక్కులు పెట్టుకునే వయసులో నేను పెట్టుకున్నది అది). లోపల గోడకి ఆనించి చూస్తే నలభై ఆరు. ఆ ఉక్కలో, మూసిన గదిలో, నేను నామమాత్రమని రాసిన ఆవిరిని మా పిన్ని నెల రోజులుగా పీలుస్తోంది. నాకు ఎవరి మీద ముందు కోప్పడాలో తెలియలేదు. రేకుల మీద, గోనెసంచుల మీద, పాతిక సారు మీద, వరసగా అందరి మీదా వచ్చింది.

బుట్టలాయనతోనే మొదలుపెట్టాను. "బాబాయ్ గారూ, మనుషుల్ని పెట్టారా ఇందులో, ఆవకాయ పెట్టారా? గాలేది?" అన్నాను. ఆయన పాపం నొచ్చుకున్నాడు. "గాలొస్తే ఈగ కూడా వస్తుంది కదమ్మా. నేను మాత్రం ఏం చెయ్యను? నువ్వేదో రిపోర్టు రాసే అమ్మాయివంట కదా, నువ్వే చెప్పు" అన్నాడు. నేను చెప్పేలోపు వెనకాలే తడిగుడ్డతో సహా వచ్చిన పిన్ని నా రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. "నీకు దణ్ణం పెడతానే, గొడవ చెయ్యమాక. షెడ్డు మూసేస్తే మేం నలుగురం ఎక్కడికి పోవాలి? తలనొప్పిదేముంది, టీ తాగితే పోద్ది. మా పొట్ట కొట్టమాక" అంది. అప్పుడు పిన్ని మీద కూడా కోపం వచ్చింది. వాంతులు చేసుకుంటూ ఇలా అడుగుతున్నందుకు వచ్చింది, అడగడంలో న్యాయం ఉన్నందుకు ఇంకా ఎక్కువ వచ్చింది. షెడ్డు మూయించకూడదు, షెడ్డు అలాగే ఉండకూడదు. నా రిపోర్టు మీద సారు సంతకం పడితే మాత్రం అది అలాగే ఉండిపోతుంది, పై ఏడు కూడా అలాగే ఉంటుంది.

సోమవారం పొద్దున్నే సారు సంతకం చేయకముందే రిపోర్టు లాగేసుకున్నాను. నలభై ఆరు డిగ్రీల దగ్గర మళ్లీ లెక్కకట్టి చూపించాను. ఆవిరి పీడనం నాలుగైదు రెట్లయింది. పైగా గాలి రాని గది. సారు కళ్లజోడు పెట్టుకుని, గడి చూసి, "ఇక్కడ ఇరవై ఐదు ఉండాలి కదమ్మా" అన్నారు.

"అక్కడ నలభై ఆరు ఉంది సార్."

"ఉంటే ఉండొచ్చు. గది ఉష్ణోగ్రత దగ్గర చెయ్యాలని పద్ధతి."

"గది ఉష్ణోగ్రత అంటే ఎవరి గది సార్?" అన్నాను. గొంతు పెద్దదై ఉంటుంది, టైపు చేస్తున్నవాళ్లంతా ఆపేశారు. సారు మాత్రం ఏమాత్రం తొణక్కుండా "కూర్చోమ్మా, మంచినీళ్లు తాగు" అన్నారు. కోపంలో ఉన్న మనిషికి మంచినీళ్లు ఇవ్వడం కంటే అవమానం ఇంకోటి లేదని నాకు ఆ రోజే తెలిసింది. తాగాను. తాగుతూ ఆలోచించాను. ఈయన్ని ఆ గదిలోకి తీసుకెళ్లాలి. ఊరికే రమ్మంటే రారు. వేసవిలో బెజవాడ నుంచి ఏ అధికారైనా నూజివీడు వైపు తనిఖీకి బయల్దేరాడంటే కారణం ఒకటే ఉంటుంది. గ్లాసు కింద పెట్టి, "బుట్టలాయన తోటలో చిన్న రసాలు దిగాయంట సార్. చెట్టున పండినవి. మిమ్మల్ని ఒకసారి రమ్మన్నారు" అన్నాను. సారు కళ్లజోడు తీశారు. "గురువారం ఉంగుటూరులో మా బంధువుల పెళ్లి భోజనం ఉంది. పొద్దున్నే ఆగిరిపల్లి మీదుగా పోదాం" అన్నారు. ఈగకి నూనె, సారుకి రసం. ఇంత తేలిగ్గా చిక్కుతారని నేనూ అనుకోలేదు.

గురువారం ఆయన పెళ్లికి తగ్గట్టు తెల్లగా ఇస్త్రీ చేసిన చొక్కాతో వచ్చారు. బట్టల విషయంలో మహా జాగ్రత్త ఆయనకి. షెడ్డు తలుపు దగ్గరే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, "నేనేమీ ముట్టుకోను, చూసి వచ్చేస్తా" అని లోపలికి అడుగుపెట్టారు. పద్ధతి తెలియక తలుపు తీసే ఉంచారు. ఆడవాళ్లంతా ఒక్కసారి "తలుపు, తలుపు" అని అరిచేసరికి హడలిపోయి ఆయనే మూసేశారు. థర్మామీటరు ఆయన ముందు పట్టుకుని నిలబడ్డాను. కాసేపు చెక్కముక్కల్ని చూశారు, గోనెసంచుల్ని చూశారు, పైన రేకుల్ని చూశారు. చెమటలు పట్టాయి. "ఇక్కడ ఎంతసేపు ఉంటారమ్మా?" అని మా పిన్నిని అడిగారు. "పొద్దుగూకేదాకా అండీ" అంది పిన్ని, చేతిలో పని ఆపకుండా. ఆయన ఇంకాసేపు నిలబడి, గోడకి ఆనుకోబోయి, చొక్కా గుర్తొచ్చి మానుకుని, బయటికి వచ్చేశారు. బుట్టలాయన మజ్జిగ ఇచ్చాడు. రెండు గంపల రసాలు కారు వెనక సీట్లో పెట్టడానికి తలుపులు బార్లా తీశారు, ఏసీ చల్లదనానికి ఈగలు కూడా లోపల హాయిగా సర్దుకున్నాయి. దారంతా సారు నుదురు నొక్కుకుంటూ కూర్చున్నారు. "ఎండ దెబ్బ" అన్నారు. నేను "అవును సార్" అన్నాను, ఎంత కోపంతో అన్నానో ఆయనకి తెలియదు.

ఉంగుటూరులో పందిట్లో వంగి పెద్దవాళ్లకి నమస్కారం పెడుతుండగా వెనకాల ఎవరో "కందిరీగలు" అని కేకేశారు. పండు ఈగ దూరం నుంచి అచ్చం చిన్న కందిరీగలాగే ఉంటుంది. సారు తెల్ల చొక్కా వీపంతా ఈగలు. నా మీదా నాలుగు వాలాయి గానీ, అందరి కళ్లూ ఆ తెల్ల చొక్కా మీదే. పంక్తిలో కూర్చున్నవాళ్లు విస్తళ్లు వదిలేసి లేచారు. ఒకాయన కండువాతో కొట్టబోయాడు, ఇంకొకాయన కందిరీగల్ని కదిలించొద్దని ఆయన్ని పట్టుకున్నాడు, ఫొటోగ్రాఫరు మాత్రం తీస్తూనే ఉన్నాడు. సారు కొయ్యబారి నిలబడిపోయారు. అప్పుడు చాట్రాయి నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయనకీ తోటలున్నాయట, దగ్గరికొచ్చి సారు వీపుని తీరిగ్గా చూసి, "కందిరీగలు కాదండీ, పండు ఈగలు. మీరు ఆ బుట్టల్లో పెట్టే నూనె గానీ ఒంటికి పూసుకొచ్చారా?" అన్నాడు.

"లేదండీ. నేనేమీ ముట్టుకోలేదు" అన్నారు సారు, పందిరంతా వినబడేలా.

"ముట్టుకోకపోతే చొక్కాకి ఎట్టా పట్టింది మరి? గాల్లో ఎగిరొచ్చిందా?"

పెద్దాయన వేళాకోళానికే అన్నాడు. సారు గిరుక్కున తిరిగి, పందిరి అవతల నిలబడ్డ నా వైపు చూశారు. నా దగ్గర ఆ నాలుగు రోజులుగా నూరి పెట్టుకున్న మాటలు సిద్ధంగా ఉన్నాయి. జీవితంలో మొట్టమొదటిసారి ఒక్కటి కూడా అనలేదు. వెళ్లి పంక్తిలో కూర్చుని పప్పన్నం కలుపుకున్నాను. ఎవరిదో చొక్కా అడిగి వేసుకుని (భుజాల దగ్గర పట్టక బిగుసుకుపోయింది) ఆయనా వచ్చి నా పక్కనే కూర్చున్నారు, కానీ ఏమీ తినలేకపోయారు. అన్నం సహించడం లేదన్నారు. మా పిన్ని క్యారేజీ గుర్తొచ్చింది నాకు.

తిరుగు ప్రయాణంలో చాలా దూరం పోయాక ఆయన అన్నారు. "ఈగ ముక్కు వేరు, మనిషి ముక్కు వేరు. ఈగ పసిగట్టిందని మనిషికి ప్రమాదం అని రాయలేం." నిజమే. శాస్త్రం ప్రకారం ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు, అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపు ఆయనే "కానీ నా తల మాత్రం పగిలిపోతోందమ్మా. నేనక్కడ ఉన్నది ఎంతసేపని?" అన్నారు. నుదురు నొక్కుకుంటూనే, "ఆ థర్మామీటరులో ఎంత చూపించింది?" అని అడిగారు. పొద్దునపూటే నలభై నాలుగు అన్నాను. "అదే రాయి. గాలి రాదని కూడా రాయి" అన్నారు.

ఆ రిపోర్టులో గడి పక్కన ఆయన స్వయంగా ఒక ముక్క చేర్చారు. షెడ్డు మూయమని కాదు, కిటికీలు తెరిచి సన్న కన్ను నైలాను తెర బిగించాలని, పైన గాలి లాగే ఫ్యాను పెట్టాలని, నానబెట్టే పని చల్లపొద్దునే ముగించాలని. అది చదివి బుట్టలాయన "తెరా? ఇంతేనా? ఈ మాటకి ఇంత గొడవెందుకమ్మా, ముందే చెప్తే పోయేది కదా" అన్నాడు. దోమతెర ఇంట్లో ప్రతి కిటికీకీ ఉన్న మనిషి. షెడ్డుకి పెట్టొచ్చన్న ఊహ ఆయనకీ రాలేదు, ఎమ్మెస్సీ చదివిన నాకూ రాలేదు. ఆ కోపం ఎవరి మీద తీర్చుకోవాలో ఇప్పటికీ తెలియదు. వారం తిరిగేసరికి తెరలు వచ్చాయి. బయట ఈగలు ముసిరితే అక్కడే నాలుగు బుట్టలు వేలాడదీశాడు. ఆ బుట్టలు నిండడం చూసి కొనేవాళ్లు ఇంకా పెరిగారు. పిన్ని ఫోన్ చేసి, "ఇయ్యాల అన్నం మొత్తం తిన్నానే. కాకపోతే ఇంట్లో బాబాయి, నీ చీర మీద ఈగలేవే అని అడుగుతున్నాడు" అంది. ఫోన్ పెట్టేశాక, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని కాస్త ఏడ్చాను. అదీ కోపంతోనే అనుకున్నాను అప్పట్లో.

పాతిక సారు రిటైరై చాలా కాలమైంది. ఆయన గది ఇప్పుడు నాది. మొన్న ఏసీ మరీ చల్లగా ఉందని రిమోటు తీసి నొక్కుతూ పోయి, హాయిగా అనిపించిన చోట ఆపి చూస్తే ఇరవై ఐదు. నాకు నవ్వొచ్చింది. ఈ మధ్య మోకాళ్ల నొప్పులని, బీపీ అని, నేనూ బయటికి పోవడం తగ్గించాను. ఎవరైనా గట్టిగా మాట్లాడితే కూర్చోబెట్టి మంచినీళ్లు ఇస్తున్నాను కూడా. అప్పుడా పిల్ల ఎక్కడికి పోయిందా అనిపించింది, బస్సు డ్రైవరుతో, సూర్యుడితో, లోకంతో తగువుపడ్డ ఆ పిల్ల. బ్యాగులో చెయ్యి పెట్టి వెతికితే బీపీ మాత్రల కింద థర్మామీటరు తగిలింది. స్కూటరు తీసుకుని మిట్టమధ్యాహ్నం ఆగిరిపల్లి పోయాను. దారిలో ఒక లారీవాడు హారను కొడుతూనే ఉంటే వాణ్ని ఆపి తిట్టాను, చాలా రోజులకి ప్రాణం తేలికపడింది. పిన్ని వరండాలో రసాలు పిసుకుతూ కూర్చుని ఉంది. "ఇంత ఎండలో ఎందుకొచ్చావే, బుద్ధి లేదా?" అంది. థర్మామీటరు ఆమె పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, "నీ వరండాలో ఎంతుందో చూసిపోదామని" అన్నాను.